హార్వర్డ్‌లో సీటు సంగతి తర్వాత, ముందు ఫీజు లెక్క చూడండి

తమ్ముడూ, మీవాడికి అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్‌లో 1600కి 1540 వచ్చింది, ఎంఐటీలో గానీ హార్వర్డ్‌లో గానీ ఎంత శాతం ఛాన్స్ ఉందో చెప్పమన్నారు. టెక్సస్‌లో మన ఫ్రిస్కోకి కొత్తగా వచ్చిన మనవాళ్లందరూ అడిగేదే ఇది. ఎంసెట్ ర్యాంకు చూసి ఏ కాలేజీలో ఏ బ్రాంచి వస్తుందో కౌన్సెలింగ్‌కి ముందే చెప్పేసే అలవాటు కదా మనది! ఇక్కడ అలా కుదరదు. ఎంఐటీలో చేరేవాళ్లలో ముప్పాతిక మందికి శాట్ మ్యాథ్స్‌లో 800కి 780 లేదా ఆ పైనే ఉంటుంది. మీవాడి స్కోరు చూసి ఫైలు పక్కన పడేయరు, అంతే. సీటు మాత్రం దానివల్ల రాదు.

యూనివర్సిటీలు తమ అడ్మిషన్ల లెక్కలతో ఏటా సైటులో పెట్టే కామన్ డేటా సెట్ చదవండి. అందులో సీ7 పట్టికలో దేనికెంత విలువిస్తారో వాళ్లే టిక్కులు పెట్టి చెబుతారు. ఎంఐటీ ‘చాలా ముఖ్యం’ గడిలో టిక్ పెట్టేది ఒక్క వ్యక్తిత్వానికే. మార్కులు, స్కోర్లు దాని కింది గడిలో ఉంటాయి. ఇక శాతం అంటారా, అక్కడ మొత్తం మీద సీటు దక్కేది నూటికి నలుగురైదుగురికి. మీవాడు ఫ్రిస్కో హైస్కూల్లో చదివినా, హెచ్4 మీద, అంటే మీ హెచ్1బీ వీసాకి అనుబంధంగా ఇచ్చే వీసా మీద, ఉన్నాడు కాబట్టి ఎంఐటీ లెక్కలో విదేశీ విద్యార్థే. వాళ్లకి ఆ శాతంలో సగం కూడా ఉండదు.

సరే, వచ్చిందే అనుకుందాం. డబ్బెక్కడిది? మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. నేనూ మా పెద్దమ్మాయి అప్పుడు ఇలాగే ఉన్నాను. ఎర్లీ డెసిషన్‌లో, అంటే ఒక్క యూనివర్సిటీకి అందరికంటే ముందే, అప్లికేషన్ పెడితే ఛాన్స్ పెరుగుతుందని గుడిలో ఎవరో చెప్పారు. ఆర్థిక సహాయం కావాలని టిక్ పెడితే అప్లికేషన్ పక్కన పెడతారని ఇంకొకరు. ఆ రెండో మాట అబద్ధం కాదు, విదేశీ విద్యార్థుల విషయంలో చాలా ప్రైవేటు యూనివర్సిటీలు అదీ చూస్తాయి. మేం టిక్ పెట్టలేదు. పైగా మేం అప్లికేషన్ పెట్టిన యూనివర్సిటీ సైటులో, సహాయం పోను ఏడాదికి ఎంత కట్టాలో చూపించే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో మా జీతాలు కొడితే పాతిక వేల డాలర్ల లోపే చూపించింది, నిశ్చింతగా పడుకున్నాం. ఆ లెక్క సిటిజన్లకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఎవరు చదివారు?

డిసెంబర్‌లో సీటొచ్చింది. ఇంటిల్లిపాదీ ఏడ్చాం, స్వీట్లు పంచాం. బిల్లు చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఎర్లీ డెసిషన్ అంటే చేరతామని ముందే సంతకం పెట్టినట్టు. సహాయం అడిగి ఉంటే, చాలలేదని చెప్పి బయటపడే దారి ఉండేది. మేం అడగనే లేదే! చేరాక అడుగుదామంటే, మొదట అడగని విదేశీ విద్యార్థికి తర్వాత ఇచ్చేది లేదన్నారు. హెచ్4 మీద క్యాంపస్ లైబ్రరీలో కూడా పనిచేసే వీల్లేదు.

చివరికి మంగళగిరి దగ్గర మావారి పేరున ఉన్న స్థలం అమ్మాం. ఎన్నారై అమ్ముతుంటే కొనేవాళ్లు పన్ను కింద టీడీఎస్ భారీగా పట్టుకుంటారు. మిగిలింది ఎన్నారైలు ఇండియాలో పెట్టుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడుతుంది, అది డాలర్లుగా రావాలంటే అప్పట్లో పన్ను కట్టామని చూపే 15సీఏ, 15సీబీ ఫారాలు పెట్టాల్సి వచ్చింది. విజయవాడలో ఆడిటర్ చుట్టూ మా మరిది ఎన్ని సార్లు తిరిగాడో! మా అమ్మాయి హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చదివిన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సుల క్రెడిట్లు వాడుకుని ఒక సెమిస్టర్ ముందే పట్టా పుచ్చుకుంది. ఒక్క డాలరు అప్పు చేయకుండా గట్టెక్కాం. అందరివల్లా అయ్యే పని కాదు, మీకు చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

ప్రైవేటు యూనివర్సిటీల్లో ఇప్పుడు హాస్టలు, తిండితో కలిపి చాలాచోట్ల ఏడాదికి 85 వేల డాలర్లు దాటుతోంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్హర్స్ట్ లాంటి కొన్ని మాత్రం విదేశీ పిల్లలు సహాయం అడిగినా అడ్మిషన్‌లో అది చూడవు, సీటిస్తే అవసరమైనంతా ఇస్తాయి. అంటే మీరు కలగంటున్న రెండూ డబ్బు విషయంలో భయపెట్టేవి కావు. భయమంతా వాటి కింద ‘సేఫ్’ అనుకుని రాసుకునే పదింటితోనే. వాటిలో ప్రతిదానికీ విదేశీ విద్యార్థుల సహాయం పేజీ తెరిచి చదవండి. ఎర్లీ డెసిషన్ జోలికి మాత్రం వెళ్లకండి.

మన రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ యూటీ ఆస్టిన్‌ని చిన్నచూపు చూడకండి. 2026 నుంచి టెక్సస్ హైస్కూల్లో టాప్ 5 శాతంలో ఉంటే అడ్మిషన్ ఖాయం, కంప్యూటర్ సైన్స్ ఖాయం కాదు. హెచ్4 పిల్లలకి కూడా ఇన్‌స్టేట్ ఫీజు, అంటే రాష్ట్రంలో ఉండేవాళ్లకిచ్చే తక్కువ ఫీజు, వచ్చే వీలుంది, ఆ నియమాలు సైటులో ఉన్నాయి. శాట్ స్కోరు రాశారు గానీ క్లాస్ ర్యాంకు రాయలేదు మీరు. స్కూల్లో కౌన్సెలర్‌ని అడిగి తెలుసుకోండి.

అన్నట్టు, మీవాడి పుట్టినరోజు కూడా రాయలేదు. 21 నిండగానే హెచ్4 పోతుంది, విద్యార్థి వీసా ఎఫ్1కి మారాలి. ఆ తర్వాత ఇన్‌స్టేట్ ఫీజు ఏమవుతుందో యూటీ వాళ్లని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పింది నమ్మకండి.