ఎడిట్ చేసుకున్న నవలను ఏమనాలి?

సందేహం: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ తెలుగులో మొదటి నవల రాశాను. రాసినన్నాళ్లూ పండగలా ఉంది, ఎడిటింగ్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆ ఫైలు తెరవాలంటేనే టెన్షన్. ఎలాగో పూర్తిచేశాను. ఇప్పుడు ముందుమాటలో ‘నేను మూడుసార్లు ఎడిట్ చేశాను, తర్వాత ఒక మిత్రురాలు ఎడిట్ చేశారు’ అని తెలుగులో చెప్పాలి. ‘సవరించాను’ అనమని ఒకరు, ‘పరిష్కరించాను’ అనమని ఇంకొకరు అన్నారు. ‘దిద్దాను’ అంటే బడిపిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టుంటుందని నాకే నచ్చలేదు. సొంతంగా చేసుకున్నదానికీ ఇంకొకరు చేసినదానికీ వేరే మాటలున్నాయా? డ్రాఫ్ట్‌ను చిత్తుప్రతి అనాలా, ముసాయిదా అనాలా?

సమాధానం: మీరు వద్దనుకున్న మాటే మీకు కావలసిన మాట. దిద్దడం అనగానే మీకు ఎర్రసిరా, మార్కులు, మాస్టారి ముఖం గుర్తొస్తున్నాయి, అందుకే ఆ మాటంటే బెదురు. కానీ ఆ మాస్టారి దగ్గరికి వెళ్లకముందే మీరు దిద్దారు కదా. పలక మీద పెద్దవాళ్లు రాసిచ్చిన ‘అ’ మీద బలపంతో మళ్లీ మళ్లీ రాసి, గీత లావెక్కి, అక్షరం చేతికి వచ్చేదాకా చేసిన పనిని మనం ఓనమాలు దిద్దడం అన్నాం. అందులో తప్పు లేదు, శిక్ష లేదు. బొట్టు దిద్దుకుంటాం, కళ్లకు కాటుక దిద్దుతాం, వాకిట్లో ముగ్గు తీర్చిదిద్దుతాం. ఇవేవీ తప్పులు పట్టే పనులు కావు, ఒక రూపం మీద చెయ్యి పెట్టి, అది కుదిరేదాకా చెయ్యి తియ్యకపోవడం. పరీక్ష పేపర్ల అర్థం వీటిలో ఒకటి మాత్రమే.

మీరు బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఇది చెవులారా వినొచ్చు కూడా. మల్లేశ్వరంలో మా కింది ఇంట్లో కన్నడ పిల్ల అక్షరాలు నేర్చుకుంటుంటే వాళ్ల అవ్వ ‘ఇన్నొమ్మె తిద్దు’ అంటుంది, ఇంకోసారి దిద్దు అని. పాత కన్నడంలో అది ‘తిర్దు’, తమిళంలో ‘తిరుత్తు’, మన దగ్గర ‘దిద్దు’, అన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవి. రాజ్యాంగాన్ని మార్చినప్పుడు కన్నడ పేపర్లు ‘తిద్దుపడి’ అంటాయి, తమిళ పేపర్లు ‘తిరుత్తం’ అంటాయి. మనం మాత్రం అక్కడ ‘సవరణ’ తెచ్చుకుని, దిద్దుబాటును బడికి, ప్రెస్సులో ప్రూఫులకు వదిలేశాం. ఇంత మంచి మాటను అంత చిన్నచోట కట్టేయడం నాకు బాధగా ఉంటుంది.

దిద్దడం అంటే భయం మాత్రం పాతదే. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరాన్ని చెరపడం కుదరదు. ఒక అక్షరమో మాటో జారిపోతే అక్కడ హంస పాదం లాంటి గుర్తు పెట్టి, వదిలేసినదాన్ని పక్కన ఎక్కించేవాళ్లు. దాన్నే హంసపాదు అంటారు. మొదటి వరుసలోనే ఆ గుర్తు పెట్టాల్సివస్తే రాసేవాడికి ఎలా ఉంటుందో చూడండి, ‘ఆదిలోనే హంసపాదు’ అనే మాట అందులోంచి పుట్టి, ఇప్పుడు ఏ పనికైనా మొదట్లోనే వచ్చిన ఆటంకానికి వాడుతున్నాం. కథ దిద్దుకోవడానికి కూర్చున్న ప్రతి రచయితకూ మొదటి పేజీలో ఆ గుండె జారడం ఉంటుంది. ఆదివారాలు కబ్బన్ పార్కులో కలిసే తెలుగు మిత్రుల్లో ఒకావిడ తన చిత్తుప్రతిని నెల రోజులు బీరువాలో పెట్టేస్తుంది, ముందు ఆ కథ మీద మమకారం తగ్గాలంటుంది. ఇంకొకాయన దీనికి పూర్తిగా వేరు, మొదటిసారి రాయడమే ఆయనకు నరకం, దిద్దడం మొదలయ్యాకే ఊపిరి ఆడుతుందట. మీరు మొదటి రకం అనిపిస్తోంది.

ఇక మీ అసలు ప్రశ్న. దిద్దు అనే క్రియకు ముందు ఒక మాట చేర్చుకుంటే ఏ పని చేశారో తేలిపోతుంది. పాత్ర పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉందని సరిచేస్తే అది సరిదిద్దడం. నడుమ మూడు అధ్యాయాలు దారితప్పాయని తీసి, కథను మళ్లీ దారిలో పెడితే చక్కదిద్దడం, కాపురాన్ని చక్కదిద్దినట్టే. ఏమీ తప్పు లేకపోయినా వాక్యానికి నునుపు తెస్తే మెరుగులు దిద్దడం. ఒట్టి ‘ఎడిట్’ అన్నప్పుడు ఈ తేడాలన్నీ ఒకే మాటలో కలిసిపోతాయి, బహుశా మీ టెన్షన్ కూడా కొంత అక్కడిదే. మెరుగులు దిద్దాల్సిన రోజున చక్కదిద్దడానికి కూర్చున్నా, చక్కదిద్దాల్సిన అధ్యాయానికి మెరుగులు పెడుతూ కూర్చున్నా ఎవరికైనా విసుగే వస్తుంది.

ఎవరు చేశారన్నది చెప్పడానికి మన క్రియకు చివర్లు ఉన్నాయి. ఇతరుల రచన అయితే ‘దిద్దాను’. మీదే అయితే ‘దిద్దుకున్నాను’, తన కోసం తాను చేసుకున్న పని అని ఆ ‘కొను’ చెబుతుంది. మీరు కోరి మరొకరి చేత చేయిస్తే ‘దిద్దించుకున్నాను’, ఒక్క మాటలో ఇద్దరు మనుషులూ, మీ ఇష్టమూ వచ్చేశాయి. అడగకుండా ఎవరైనా చేస్తే? ‘దిద్దేశారు’. ఆ ‘ఏశారు’లో పని పూర్తవడంతో పాటు రచయిత గుండెకోత కూడా ఉంటుంది. ఒకసారి ఒక పత్రికకు కథ ఇచ్చాను, హోసూరు పక్క పల్లె అవ్వ ‘యాడికి పోతా ఉండావురా’ అంటుంది అందులో. అచ్చులో చూస్తే ‘ఎక్కడికి వెళ్తున్నావురా’ అని ఉంది. దాన్ని సరిదిద్దడం అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు, సరికానిది అక్కడ ఏముంది గనక? ఆ అవ్వ మాట్లాడే తెలుగు అదే. మీ మిత్రురాలు ఎక్కడైనా మీ బెంగళూరు తెలుగును పుస్తకాల తెలుగు చేసి ఉంటే, ప్రెస్సుకు ఇచ్చేలోపు వెనక్కి తెచ్చుకోండి.

మిగతా మాటలు. ‘సవరించు’ తప్పు కాదు గానీ చిన్న పనికి సరిపోతుంది. జుట్టు సవరించుకుంటాం, కొంగు సవరించుకుంటాం, మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకుంటాం. అన్నీ అప్పటికే బాగానే ఉన్నవి, కాస్త పక్కకు జరిగాయంతే. మూడుసార్లు మార్చిన నవలకు ఆ మాట చాలదు. ‘పరిష్కరించు’ వద్దు. సంస్కృతంలో దానికి అలంకరించడం, మెరుగుపరచడం అనే అర్థం ఉన్నా, ఈనాటి పాఠకుడికి సమస్య పరిష్కారమే గుర్తొస్తుంది. సాహిత్యంలో అది పాత గ్రంథాలకు స్థిరపడిన మాట, మద్రాసులో వావిళ్లవారి వంటి ప్రచురణకర్తల కోసం పండితులు ప్రతులు పోల్చి పాఠం నిర్ణయించిన పని అది. ‘ముసాయిదా’ అరబ్బీ నుంచి వచ్చింది, నలుపు అనే అర్థమున్న ధాతువు అది, సిరాతో నల్లబడిన కాగితం అన్నమాట. ఊహ అందమైనదే, కానీ మనకు అది ముసాయిదా బిల్లులకు, ఓటర్ల ముసాయిదా జాబితాలకు అంటుకుపోయింది. కథకు చిత్తుప్రతే బాగుంటుంది.

మొత్తం మళ్లీ రాసి ఉంటే ‘తిరగరాశాను’ అనండి. ‘తిరిగి రాశాను’ అంటే కొన్నాళ్లు మానేసి మళ్లీ మొదలుపెట్టారనే అర్థం కూడా రావచ్చు. తిరగరాయడానికి గురజాడను మించిన ఉదాహరణ నాకు కనబడదు. 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని ఆయన 1909 నాటికి ఎంతగా మార్చారంటే ఇవాళ మనం చదివేదీ, ఆడేదీ ఆ రెండో కూర్పే. ఆ మరుసటి ఏడు, 1910లో, తన కథకు ఆయన పెట్టిన పేరు ‘దిద్దుబాటు’. అందులో కమలిని దారితప్పిన భర్తను తిట్టదు, శిక్షించదు. ఒక ఉత్తరం రాసిపెట్టి దాక్కుంటుంది, అంతే.

మీ ముందుమాటకు ఈ వాక్యం సరిపోతుందేమో చూడండి: ‘ఈ నవల చిత్తుప్రతిని మూడుసార్లు దిద్దుకున్నాను. ఆ తర్వాత నా మిత్రురాలి చేత దిద్దించుకున్నాను.’ మూడుసార్లలో ఒకసారి మొత్తం మళ్లీ రాసి ఉంటే ‘రెండుసార్లు దిద్దుకుని, ఒకసారి తిరగరాశాను’ అని మార్చుకోండి. మిత్రురాలి పేరు కూడా రాయండి.