మటన్ మానేస్తే సరిపోతుందా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా నాన్నగారికి 47వ ఏట పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. ఆదివారం మటన్ తింటాను. రోజూ టిఫిన్‌కి రెండు చికెన్ సాసేజ్‌లు, వారానికి నాలుగు రోజులు క్వార్టర్. సిగరెట్ అలవాటు లేదు. మటన్ మానేస్తే చాలా?
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు మానాల్సిన వాటిలో మటన్ ఆఖరిదండీ. వండిన రెడ్ మీట్ వారానికి 350 నుంచి 500 గ్రాముల లోపు ఉంటే చాలంటారు. అరకిలో తెచ్చి ఇంట్లో నలుగురు తింటే మీ వాటా వంద గ్రాములకు మించదు. ముక్కలు మాడేలా కాల్చుకోకుండా కూరగా వండుకోండి.

అసలు పేచీ సాసేజ్‌లతో. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్డ్ మాంసాన్ని ‘క్యాన్సర్ కారకం’ జాబితాలో చేర్చింది. రోజుకు 50 గ్రాములు తింటే ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుంది. అంటే వందలో ఐదుగురికి వచ్చే చోట ఆరుగురికి వస్తుందన్నమాట. చికెన్‌దే కదా అని సర్దిచెప్పుకోకండి, నిల్వ కోసం నైట్రైట్ కలిపాక కోడి కూడా ఆ కోవలోకే వస్తుంది.

ఇక మందు. 180 మి.లీ. విస్కీలో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. నాలుగు క్వార్టర్లను ఏడు రోజులకు పంచితే రోజుకు 34 గ్రాములు. పేగు క్యాన్సర్ ముప్పు స్పష్టంగా కనిపించేది 30 దాటాకే, మీరు ఆ గీత దాటేశారు. బీరుకు మారదామంటే, 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులోనూ 40 గ్రాములుంటుంది.

పీచు రోజుకు 30 గ్రాములు కావాలి. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో ఉండేది 3 గ్రాముల లోపే, అదే జొన్నల్లో 10. రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు, గోరుచిక్కుడు కూర, సాయంత్రం ఒక జామకాయ తినండి. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచుతూ నీళ్లు బాగా తాగండి. నడుము 90 సెం.మీ. దాటకూడదు, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలి.

ఇవన్నీ చేసినా మీకు కొలనోస్కోపీ (కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) తప్పదు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో వచ్చిన వయసులోంచి పదేళ్లు తీసేయండి. ఆ అంకె, 40... రెండింటిలో ఏది ముందైతే అప్పుడు చేయించుకోవాలి. మీ లెక్కన 37, అంటే వచ్చే ఏడాదే.

పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి జామ, టమాటా గింజలు, ఆకుకూరలు ఆపండి (అప్పటిదాకా తినమన్నవే!). పేగు శుభ్రం చేసే మందు సగం ముందు రోజు సాయంత్రం, సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగమంటారు. చాలామంది రెండో సగం ఎగ్గొడతారు. మోషన్ లేత పసుపు నీళ్లలా రాకపోతే పేగు శుభ్రపడనట్టే, చిన్న పాలిప్ (పేగు లోపలి గోడ మీద మొలిచే బుడిపె) మిగిలిన మలం చాటున ఉండిపోతుంది.

ప్రశ్న: మావారికి 52. ఏడాదిగా మోషన్‌లో అప్పుడప్పుడు రక్తం పడుతోంది. మొలలని పసరు వాడుతున్నారు. హిమోగ్లోబిన్ 9 ఉంది.
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: పసరు ఆపించి ఈ వారమే గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు చూపించండమ్మా. మొలలు ఉన్నా సరే, ఈ వయసు మగవారిలో రక్తం ఇంత తగ్గితే కొలనోస్కోపీ చేయకుండా మొలల మీదకు నెట్టేయకూడదు. ఐరన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, మలాన్ని నల్లగా చేసి పరీక్షకు అడ్డొస్తాయి కాబట్టి సాధారణంగా వారం ముందు ఆపిస్తారు.