అల్లుడూ, ఆ 'ఓవర్‌రేటెడ్' సంగతి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపింది చదివాను. అంటార్కిటికా మంచులో జరిగే ఆ పాత ఇంగ్లీషు భయం సినిమా 'ది థింగ్' చూసి రాసిన నాలుగు లైన్లు. "ఓవర్‌రేటెడ్. స్లో. గ్రాఫిక్స్ పాతబడిపోయాయి. క్లైమాక్స్ అర్థం కాలేదు. పదికి నాలుగు." దానికి నీ ఫ్రెండ్స్ నిన్ను ఆడుకున్నారని, "మావయ్యా, నా అభిప్రాయం నాకు ఉండకూడదా" అని నన్నడిగావు. ఉండాలిరా, ఎందుకుండకూడదు. కానీ ఆ నాలుగు లైన్లలో నీది ఏదో నాకు కనపడలేదు. ఆ ముక్కలే తీసుకెళ్ళి ఏ పాత సినిమా కింద అతికించినా సరిపోతాయి.

ముందు ఒకటి చెప్పు. ఎక్కడ చూశావ్? మీ అమ్మ చెప్పింది, రైల్లో వస్తూ ఫోన్లో చూశావట, అదీ స్పీడు పెంచి, మధ్యలో టీ తాగి, ఎవరితోనో చాటింగ్ చేసి. ఆ సినిమా నిడివే 109 నిమిషాలు, దాన్నీ ఉరికించి చూసి మళ్ళీ స్లో అంటావేంట్రా? చీకట్లో మంచు, తెల్లటి మంచులో గడ్డాలు పెంచిన పన్నెండు మంది మగాళ్ళు, అరచేతిలో తెర, దాని మీద కిటికీలోంచి ఎండ. ఇంక నీకేం కనపడుతుంది?

నేనేదో పెద్ద తెలిసినవాడినని చెప్పట్లేదు. నువ్వు చేసిన తప్పే నేను అంతకంటే ఘోరంగా చేశాను. నీకు తెలుసుగా, 1986 నుంచి పన్నెండేళ్ళు తెనాలిలో వీడియో లైబ్రరీ నడిపాను. ఈ సినిమా క్యాసెట్ మా షాపుకి ఎవరో గల్ఫ్ నుంచి తెచ్చినదానికి కాపీ, దాని కాపీ, దానికి ఇంకో కాపీగా వచ్చింది. బొమ్మంతా నీలంగా, అడుగున గీతలు కదులుతూ, మనుషులూ మంచూ ఒకటే రంగులో ఉండేవి. బొమ్మ సర్దే ట్రాకింగ్ మీట తిప్పీ తిప్పీ నా బొటనవేలు నొప్పెట్టింది. అరగంట చూసి ఆపేసి, ఆ తర్వాత రెండేళ్ళు అడిగినవాళ్ళందరికీ "అందులో ఏం లేదండీ, వేరేది తీసుకెళ్ళండి" అని చెప్పాను. చూడని సినిమా గురించి కౌంటర్ వెనక కూర్చుని తీర్పులిచ్చాను.

ఆ షాపులో నాకో అలవాటుండేది. అద్దె పుస్తకంలో పేరు పక్కన, క్యాసెట్ తిరిగిచ్చేటప్పుడు వాళ్ళు అన్న మాట రాసుకునేవాడిని, రేపు ఏ క్యాసెట్ ఇవ్వాలో తెలుస్తుందని. 'బావుంది', 'బాలేదు' అన్నవి నాకెందుకూ పనికొచ్చేవి కాదు. పనికొచ్చేది, "ఆ కుక్క నడవాలో అలా నడిచొస్తుంటే మా చిన్నాడు లేచి లైటేశాడండీ" లాంటిది. అది చెప్పినవాడికి సినిమా నచ్చిందో లేదో నేను అడగక్కర్లేదు, ఆ సినిమా ఎలాంటిదో కూడా సగం తెలిసిపోయేది. నువ్వు రాయాల్సింది అలాంటిదిరా. ఏ క్షణంలో నీకేమైంది? నిద్రొస్తే ఎక్కడ నిద్రొచ్చింది, నవ్వొస్తే ఎక్కడ నవ్వొచ్చింది, అది రాయి.

నా బుర్ర తిప్పింది మాత్రం ఒక సైన్సు మాస్టారు. నేను వద్దంటున్నా వినకుండా ఆ క్యాసెట్టే పట్టుకెళ్ళాడు. మర్నాడు పొద్దున తెచ్చిచ్చి, "ఇది మన మాయా శశిరేఖే కదండీ, కాకపోతే ఇందులో ఘటోత్కచుడు మంచివాడు కాదు" అన్నాడు. నేను తెల్లమొహం వేశాను. ఆయన ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. 'మాయాబజార్'లో సావిత్రి రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకి ముందే తెలుసు, తెలియనిది లక్ష్మణకుమారుడికి, అందుకే మనకి నవ్వొస్తుంది. ఇక్కడా ఏదో వచ్చి మనిషిని మింగి అదే మనిషిలా తిరుగుతుంది, మాట్లాడుతుంది, పక్కనే కూర్చుని టీవీ చూస్తుంది. కానీ ఎవరు మాయో మనకి చెప్పరు. "ఆ ఒక్క ముక్క దాచేశాడు, నవ్వు కాస్తా భయం అయిపోయింది" అన్నాడు మాస్టారు. ఆ రాత్రి షాపు షట్టర్ సగం దించి, లైటార్పి, అదే దిక్కుమాలిన కాపీని మొదటి నుంచి చూశాను. ఇంటికెళ్ళేసరికి మీ అత్తయ్య తలుపు తీసింది. రెండు క్షణాలు గుమ్మంలోనే నిలబడిపోయాను.

గ్రాఫిక్స్ అన్నావు. ఒరేయ్, అందులో ఆ భూతానివి కంప్యూటర్ గ్రాఫిక్స్ కావు. 1982 సినిమా అది. రాబ్ బాటిన్ అనే కుర్రాడు, ఆ పని మొదలుపెట్టేనాటికి ఇరవై రెండేళ్ళవాడు, రబ్బరూ ఫోమూ జిగురూ కలిపి చేతుల్తో చేశాడు. మయొనైజు, మొక్కజొన్న గుజ్జు, వేడిచేసి కరిగించిన బబుల్‌గమ్ కూడా వాడారు. అంతా అయ్యేసరికి ఒళ్ళు హూనమై ఆ కుర్రాడు ఆసుపత్రిలో చేరాడు. కుక్కల దొడ్లో వచ్చే భూతం ఒక్కటీ స్టాన్ విన్‌స్టన్ అనే ఇంకో భూతాల మేకప్ నిపుణుడి మనుషులు చేసిపెట్టారు. డాక్టరు గుండె ఆగినవాడి ఛాతీ మీద షాకు పెడుతుంటే ఆ ఛాతీయే నోరులా తెరుచుకుని రెండు చేతులూ కొరికేస్తుంది కదా, అది తీయడానికి నిజంగానే రెండు చేతులూ లేని ఒకాయన్ని తెచ్చి, డాక్టరు ముఖం మాస్కు తొడిగారు. ఇవన్నీ తెలిస్తేనే మెచ్చుకోవాలని కాదు. తెలిశాక కూడా "రబ్బరులా ఉంది" అనిపిస్తే రబ్బరులా ఉందనే రాయి, తప్పులేదు. లేని గ్రాఫిక్స్‌ని తిట్టకు, అంతే.

ఆ సీన్‌లోనే ఇంకోటుంది, నువ్వు చాటింగ్‌లో మిస్సయి ఉంటావు. తెగిన తల నేల మీద పాక్కుంటూ పోయి, సాలీడు కాళ్ళు మొలిపించుకుని తలుపు దాకా వెళ్తుంటే, పామర్ అనేవాడు దాన్ని చూసి "వేళాకోళమా ఇది" అన్నట్టు ఒక బూతు మాట అంటాడు. హాల్లో అందరూ నవ్వే చోటు. కాసేపయ్యాక, ఎవరు మాయో కనిపెట్టడానికి అందరి రక్తం పరీక్ష చేస్తే తేలేదేంటి? ఆ పామరే మాయ. ఒక మాయని చూసి ఇంకో మాయ ఆశ్చర్యపోయినట్టు నటించింది! రెండోసారి చూస్తే గానీ ఇది తట్టదు. అందుకే అంటున్నా, అభిప్రాయం రాసేముందు కనీసం ఒక్క సీనైనా వెనక్కి తిప్పి చూడు. మా రోజుల్లో రివైండ్ చేస్తే టేపు సాగిపోతుందని భయం, మీకేం పోయింది?

ఇక రేటింగ్ గొడవ. నీ ఫ్రెండ్స్ 'మాస్టర్‌పీస్'ని అవమానించావన్నారట. వాళ్ళకీ ఒకటి చెప్పు. ఆ సినిమా అమెరికాలో 1982 జూన్ 25న వచ్చింది. దానికి రెండు వారాల ముందే 'ఈ.టీ.' వచ్చి ఊరంతా ముద్దొచ్చే గ్రహాంతరవాసిని ఎత్తుకుని ముద్దాడుతున్నారు. ఆ ఊపులో ఇది వెళ్ళి మంచులో కుక్క చర్మం చీల్చి చూపించింది. ఇంకేముంది! న్యూయార్క్ టైమ్స్‌లో విమర్శకుడు విన్సెంట్ కాన్బీ దీన్ని అప్పటికప్పుడు తయారైన చెత్త అన్నాడు. సినీఫెంటాస్టిక్ అనే పత్రికైతే అన్ని కాలాల్లోకీ జనం అసహ్యించుకున్న సినిమా ఇదేనా అని అట్ట మీదే వేసింది. ఇదే కథని 1951లో తీసినప్పటి దర్శకుడు క్రిస్టియన్ నైబీ కూడా రక్తం కావాలంటే కబేళాకి పొండి అన్నాడు. కోటిన్నర డాలర్లు పెట్టి తీస్తే అమెరికాలో రెండు కోట్లు కూడా రాలేదు. దర్శకుడు జాన్ కార్పెంటర్ చేతిలో ఉన్న తర్వాతి సినిమా కూడా జారిపోయింది. ఎన్నియో మొరికోనే సంగీతానికి ఆ ఏటి చెత్త సంగీతాల జాబితాలో చోటిచ్చారు. చూడగా చూడగా అదే సినిమా గొప్పదైపోయింది. అప్పుడు వాడకుండా పక్కన పెట్టిన మొరికోనే బాణీలు కొన్ని 'ది హేట్‌ఫుల్ ఎయిట్'లో వాడారు, ఆ సినిమా సంగీతానికి ఆయనకి 2016లో ఆస్కార్ ఇచ్చారు.

అప్పుడు తిట్టినవాళ్ళలో సగం మంది పక్కవాడు తిట్టాడని తిట్టారు, ఇప్పుడు పొగిడేవాళ్ళలో సగం మంది పక్కవాడు పొగిడాడని పొగుడుతున్నారు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు. నువ్వు ఎటు గుంపులోనూ దూరకు. అలాగని ఎదురు మాట్లాడితే తెలివైనవాడిలా కనిపిస్తానని తిట్టడం కూడా అరువు బేరమేరా. ఆ అనుమానం నాకు కాస్త నీ మీద ఉంది, ఏమనుకోకు.

క్లైమాక్స్ అర్థం కాలేదన్నావు. అర్థం కాకపోవడం వేరు, తేల్చకపోవడం వేరు. మంటలు ఆరిపోతున్న శిబిరం ముందు హీరో మెక్‌రెడీ, తోటివాడు చైల్డ్స్ ఇద్దరే మిగిలారు. వాళ్ళలో ఎవరైనా మాయ అవ్వచ్చు, ఇద్దరూ మనుషులే అవ్వచ్చు. నలభై ఏళ్ళుగా జనం కొట్టుకుంటున్నారు దీని మీద. చైల్డ్స్ నోట్లోంచి ఆవిరి రావట్లేదు కాబట్టి వాడే అని ఒక వాదం ఉంది. పెద్ద తెర మీద చూస్తే ఆవిరి కనపడుతుంది, వెలుతురు తక్కువ పడటంతో సన్నగా ఉంటుందంతే. అప్పుడు మెక్‌రెడీ చైల్డ్స్‌కి అందించే సీసాలో ఉన్నది విస్కీ కాదు, పెట్రోలు లాంటిదేదో అని ఇంకో వాదం. సరదాగా ఉంటుంది గానీ తెర మీద దానికి ఆధారం లేదు. నువ్వు వాదించాలనుకుంటే వాదించు, కాకపోతే తెర మీద ఉన్నది చూపించి వాదించు. నాకైతే ఆ సీసా వేరేగా కనపడుతుంది. సినిమా మొదట్లో మెక్‌రెడీ చదరంగంలో కంప్యూటర్ చేతిలో ఓడిపోయి, కోపంతో గ్లాసులో ఉన్న విస్కీ దాని పొట్టలో పోసి తగలేస్తాడు. చివర్లో ఎదురుగా ఉన్నది మనిషో కాదో తెలియకపోయినా, సీసా అందిస్తాడు. ఓటమిని భరించలేని మనిషి ఆఖరికి అలా కూర్చున్నాడు. నా లెక్క ఇది, నీకు ఇంకోలా తోచచ్చు.

నాకు నచ్చనివి లేవనుకోకు. మనుషుల పేర్లు సగం సినిమా దాకా గుర్తుండవు, గడ్డం, టోపీ చూసి పోల్చుకోవాలి. వంటవాడు నాల్స్ చివర్లో అలా చీకట్లోకి నడుచుకుంటూ వెళ్ళి మళ్ళీ కనపడడు, ఏమయ్యాడో ఎవడికీ పట్టదు. ఆఖర్న నేల చీల్చుకుని వచ్చే పెద్ద భూతం మిగతావాటి ముందు తేలిపోతుంది. నీ నాలుగు మార్కులకి ఇవి కారణాలుగా రాసుంటే నేను నోరు మూసుకునేవాడిని. రక్తం పరీక్షకి ముందు మెక్‌రెడీ కుక్కల్ని చూసుకునే క్లార్క్‌ని కాల్చేస్తాడు కదా, తర్వాత చూస్తే క్లార్క్ మామూలు మనిషే. హీరో చేతిలో ఒక అమాయకుడు పోయాడు. చైల్డ్స్ "అయితే నువ్వు హంతకుడివే" అని ఒక్క మాట అంటాడు, అంతే, సినిమా ముందుకెళ్ళిపోతుంది. ఇది తప్పో, కావాలనే చేశాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. నీలాంటి కుర్రాడు దీని మీద నాలుగు లైన్లు రాస్తే నేను సంతోషంగా చదువుతాను.

ఇంకో చిన్న సంగతి, మరిచిపోయేలోపు. మొదట్లో హెలికాప్టర్‌లో వచ్చిన నార్వే ఆయన కుక్క వైపు తుపాకీ పట్టుకుని ఏదో అరుస్తాడు, ఎవరికీ అర్థం కాదు, కింద సబ్‌టైటిల్ కూడా వెయ్యరు. ఆయన వాళ్ళ భాషలో "అది కుక్క కాదు, దూరంగా పొండి" అనే చెబుతున్నాడు! నార్వే ప్రేక్షకుడికి కథ గుట్టు మొదటి ఐదారు నిమిషాల్లోనే తెలిసిపోయింది. ఒకే సినిమా, ఇద్దరు ప్రేక్షకులకి రెండు సినిమాలు. దక్షిణ ధ్రువం దగ్గర అమెరికా వాళ్ళ స్టేషన్లో అయితే చలికాలానికి ముందు ఆఖరి విమానం వెళ్ళిపోయాక, మిగిలినవాళ్ళంతా కూర్చుని ఈ సినిమా వేసుకోవడం ఆనవాయితీ. ఇంకో ఎనిమిది నెలలు ఆ మొహాలే చూసుకోవాలి మరి. వాళ్ళనడిగితే స్లో అంటారేమో కనుక్కోవాలి. మనవాళ్ళు తొలిసారి అంటార్కిటికాలో దిగింది కూడా ఆ 1982 జనవరిలోనే. పేపర్లో ఆ మంచు ఫొటోలు చూసి నేను ఎంత సంబరపడ్డానో!

సరే, ఇప్పుడు చెయ్యాల్సింది విను. ఆ నాలుగు లైన్లు తీసెయ్యకు, సిగ్గుపడాల్సిందేం లేదు. సంక్రాంతికి వస్తావుగా, మా ఇంట్లో పెద్ద టీవీ ఉంది. భోజనాలయ్యాక హాల్లో లైటార్పేద్దాం, ఫోన్లు రెండూ మీ అత్తయ్య దగ్గర పెట్టేద్దాం. కుక్క నడవాలో నడిచొచ్చి ఒక గదిలోకి తొంగి చూస్తుంది కదా, గోడ మీద మనిషి నీడ తల తిప్పుతుంది. ఆ నీడ ఎవరిదో నువ్వు చెప్పు, నాకు తెలిసింది తర్వాత చెబుతాను. చూసిన రాత్రే రాయకు, పడుకో, పొద్దున లేచాక ఏ సీను ఇంకా కళ్ళ ముందుందో దాంతో మొదలుపెట్టు. నచ్చకపోతే అప్పుడు పదికి రెండు వేసినా సరే, నేనే మీ ఫ్రెండ్స్‌తో పోట్లాడతాను.

వచ్చేటప్పుడు హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ తీసుకురా, మా ఇంట్లోది ఎలక కొట్టేసింది.

మీ మావయ్య