ఎర్రనీళ్ల సంగతి తర్వాత, ముందు బాబును చూపించండి

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో పాత అపార్ట్‌మెంట్. పది రోజులుగా పొద్దున్నే కుళాయి తిప్పగానే ఎర్రనీళ్లు వచ్చి, కాసేపటికి తేటపడుతున్నాయి. వీటితో తలస్నానం చేస్తే జుట్టు ఊడుతుందా? ఏ ఫిల్టర్ పెట్టించాలి? మా నాలుగేళ్ల బాబుకు మూడు రోజులుగా మోషన్స్. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర వేస్తే ఆగాయి, కానీ పొట్ట ఉబ్బరంగా ఉంది. - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ పొట్ట ఉబ్బరం మాటే నాకు టెన్షన్‌గా ఉంది. బాబును ఈ రోజే పిల్లల డాక్టర్‌కు చూపించండి. మోషన్స్ ఆపే మాత్రలు చిన్నపిల్లలకు సొంతంగా వేయకూడదు. అవి పేగుల కదలికను మందగింపజేస్తాయి. ఒక్కోసారి పేగులు స్తంభించిపోతాయి కూడా. మోషన్ ఆగిందని మీరు నిశ్చింతగా ఉంటే, లోపల జబ్బు ముదురుతుండొచ్చు. షాపువాళ్లు కత్తెరతో కత్తిరించి ఇచ్చిన రెండు మాత్రల ముక్క మీద ఒక్కోసారి పేరు కూడా ఉండదు. ఏం వేశారో తెలియకుండానే మేం వైద్యం మొదలుపెట్టాల్సి వస్తుంది. దయచేసి ఇంకోసారి అలా చేయకండి.

వాంతులు లేకపోతే, దారిలో ఓఆర్‌ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం సగం కలపొద్దు. మోషన్‌లో రక్తం, ఆకుపచ్చ వాంతి, మగత, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఓపీ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక నీళ్లు. ముందు ఎర్రగా వచ్చి తర్వాత తేటపడుతున్నాయంటే, రాత్రంతా పాత ఇనుప పైపులో నిలిచిన నీళ్లలో తుప్పు దిగి ఉండొచ్చు. బోరు నీళ్లయితే బకెట్‌లో పట్టిన కాసేపటికి ఎర్రబడతాయి, అది నీళ్లలో కరిగి ఉన్న ఇనుము. తుప్పు రంగు వల్లే మోషన్స్ రావడం అరుదు. నా భయం వేరే. తుప్పు తిన్న పైపుకు చిల్లులు పడతాయి. సరఫరా ఆగి ప్రెజర్ తగ్గినప్పుడు పక్కనున్న డ్రైనేజీ నీళ్లను అది లోపలికి లాగేస్తుంది. అలాంటి నీళ్లు తేటగా కనిపించినా నమ్మలేం. పక్క ఫ్లాట్ల పిల్లలకూ మోషన్స్ ఉన్నాయేమో అడగండి. జలమండలి 155313కు ఫిర్యాదు చేసి, క్లోరిన్ పరీక్ష చేయమనండి. సంపు, ట్యాంకు కడిగించండి. అప్పటిదాకా తాగే నీళ్లు కనీసం ఒక నిమిషం తెర్లనివ్వండి. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఇనుము పోదు, అందుకే నీళ్ల పరీక్ష అయ్యాకే ఫిల్టర్ మాట.

ఇనుము నీళ్లకు జుట్టు గరుకుబారవచ్చు. ఊడటానికి సాధారణంగా వేరే కారణాలుంటాయి. చూడకుండా ఇంతకంటే చెప్పలేను.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మిగిలిన మాత్ర ముక్కను కూడా పట్టుకెళ్లండి.