మాల్టాలో వారం రోజులు: డైవింగ్‌నూ ఊళ్లు చూడడాన్నీ ఎలా కలుపుకోవాలి?

అక్టోబరు రెండో వారంలో ఏడు రోజులకు మాల్టా వెళ్తున్నామనీ, మీకు అండమాన్‌లో తీసుకున్న ఓపెన్ వాటర్ (డైవింగ్‌లో తొలి స్థాయి) సర్టిఫికెట్ ఉందనీ, మీ శ్రీమతికి ఈత రాదనీ రాశారు. డైవింగ్‌కు మూడు రోజులు, మిగతా ప్రదేశాలకు మూడు రోజులు విడదీయాలా అని అడిగారు. విడదీయవద్దని నా సలహా. నేనూ అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో డైవింగ్ నేర్చుకుని, నీళ్లంటే భయపడే భార్యతో, సరిగ్గా మీరు చెప్పిన కాలంలోనే అక్కడికి వెళ్లాను. మాల్టాలో మంచి డైవ్ స్థలాలు చాలావరకు ఒడ్డు నుంచే దిగేవి. వాటి పక్కనే చూడదగ్గ ప్రదేశం ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి ఇద్దరూ ఒకే బండిలో వెళ్లి, ఎవరి పని వారు చూసుకుని, మధ్యాహ్న భోజనానికి కలుసుకోవచ్చు.

ఇందుకు అన్నిటికంటే మంచి ఉదాహరణ మాల్టాకే చెందిన గోజో దీవి పడమటి ఒడ్డున ఉన్న ద్వేరా. ఫొటోల్లో అందరూ చూసిన అజూర్ విండో అనే రాతి తోరణం 2017 మార్చి 8న తుపాను గాలికి కూలిపోయింది. పైన ఇప్పుడు ఖాళీ ఆకాశమే కనిపిస్తుంది గానీ, ఆ బండలన్నీ నీటి అడుగున పడి ఉన్నాయి. పక్కనే ఉన్న బ్లూ హోల్ అనే సహజమైన రాతి బావిలోకి దిగి, సుమారు 8 మీటర్ల లోతున ఉన్న ద్వారం గుండా బయటి సముద్రంలోకి వెళ్తారు. ఆ బావి దగ్గరికి చేరాలంటే వీపున సిలిండర్‌తో పదునైన రాళ్ల మీదుగా నడవాలి. డైవ్ మొత్తంలో నాకు కష్టమనిపించింది ఆ నడక ఒక్కటే. నేను నీళ్లలో ఉన్నంతసేపూ మా ఆవిడ అక్కడి ఇన్‌లాండ్ సీ నుంచి చిన్న పడవ ఎక్కి, కొండను చీల్చుకుని పోయే సొరంగం గుండా బయటికి వెళ్లి, నిటారుగా లేచిన రాతిగోడలను చూసి వచ్చింది. సాయంత్రం నాకంటే ఎక్కువ కబుర్లు ఆమె దగ్గరే ఉన్నాయి.

ప్రధాన దీవి దక్షిణాన ఉన్న వీద్ ఇజ్‌జుర్రీ కూడా అలాంటిదే. బ్లూ గ్రాటో గుహలకు పడవలు అక్కడి నుంచే బయలుదేరుతాయి. ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవైన హజర్ ఇమ్, ఇమ్నైద్రా రాతి ఆలయాలు కొద్ది దూరంలోనే ఉన్నాయి. (మొదటి పేరును ఇంగ్లీషు అక్షరాల ప్రకారం ‘ఖిమ్’ అని పలికితే బస్సు డ్రైవరుకు అర్థం కాలేదు; చివరికి ఫోనులో బొమ్మ చూపించాను.) ఈ ఒడ్డు డైవర్లలో పేరుపొందింది ఉమ్ అల్ ఫరూద్ అనే నౌక వల్ల. ఈ లిబియా ట్యాంకరులో 1995లో మరమ్మతుల సమయంలో పేలుడు జరిగి తొమ్మిది మంది కార్మికులు చనిపోయారు. 1998లో దాన్ని ఇక్కడ కావాలనే ముంచారు. దాని డెక్కు మీ సర్టిఫికెట్ అనుమతించే 18 మీటర్ల కంటే బాగా కిందే ఉంది కనుక, ఎవరైనా తీసుకువెళ్తామన్నా ఒప్పుకోకండి. శిథిల నౌకను చూడాలనే కోరిక ఉంటే, 1942లో బాంబుదాడికి మునిగిన మావోరి అనే బ్రిటిష్ యుద్ధనౌక రాజధాని వల్లెట్టాలో సెయింట్ ఎల్మో కోట కింద దాదాపు 14 మీటర్ల లోతులోనే ఉంది.

ఏ రోజు ఎక్కడ దిగాలో మాత్రం ఇంటి దగ్గర కూర్చుని తేల్చకండి. దాన్ని గాలి తేలుస్తుంది. వాయవ్యం నుంచి వీచే మజ్జిస్త్రాల్ అనే గాలి గట్టిపడితే ద్వేరాలో అలలు ఒడ్డును కొడతాయి. ఆ రోజు ఆగ్నేయపు ఒడ్డున నీళ్లు చెరువులా ఉండవచ్చు. నేను బ్లూ హోల్‌ను మంగళవారానికి ఖాయం చేసుకుని వెళ్లాను. గాలి వల్ల అది గురువారానికి జరిగింది, ముందే డబ్బు కట్టిన మరో ప్రయాణం పోయింది. మీరు మొదటి నాలుగు రాత్రులు గోజోలో ఉండి, ముందురోజు సాయంత్రం స్థలం నిర్ణయించే డైవ్ సెంటరును ఎంచుకోండి. ప్రధాన దీవిలోని చిర్కెవ్వా రేవు నుంచి గోజోకు ఫెర్రీలో 25 నిమిషాలు పడుతుంది.

అండమాన్ అలవాటుతో వెళ్లేవారు రెండు విషయాల్లో పొరబడతారు. అక్కడ పలచని డైవింగ్ సూటు సరిపోతుంది. అక్టోబరులో మాల్టా నీళ్లు 24 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నా, 5 మిల్లీమీటర్ల సూటు లేకపోతే రెండో డైవ్‌కు వణుకు పుడుతుంది. ఆ మందపాటి సూటు తేలుతుంది, మధ్యధరా సముద్రంలో ఉప్పూ ఎక్కువే కాబట్టి, హావ్‌లాక్‌లో కట్టుకున్న బరువులతో మీరు కిందికి దిగలేరు. నేను మూడు కిలోలు అదనంగా కట్టుకోవలసి వచ్చింది. మొదటి డైవ్‌కు ముందు ఒడ్డు దగ్గరే బరువులు సరిచూసుకోండి. రెండో పొరబాటు ఆశల్లో జరుగుతుంది. రంగురంగుల పగడాలూ చేపల గుంపులూ కావాలంటే అండమానే మేలు. మాల్టాలో చూడవలసింది గుహలు, వాటిలోకి ఏటవాలుగా పడే వెలుగు, ఎంతో దూరం వరకు కనిపించే స్వచ్ఛమైన నీరు. వీటి నడుమ అప్పుడప్పుడు ఒక ఆక్టోపస్.

రక్తపోటుకు మాత్రలు వాడుతున్నానని రాశారు కదా, డైవ్ సెంటరు ఇచ్చే ఆరోగ్య పత్రంలో అలాంటి ప్రశ్నకు ‘అవును’ అని రాస్తే వైద్యుడి సంతకం అడుగుతారు. నేను ఉబ్బసం గురించి నిజం రాసి, అక్కడ డాక్టరును వెతకడంలో ఒక పూట పోగొట్టుకున్నాను. ఆ పత్రాన్ని ఇక్కడే నింపించుకుని వెళ్లండి. షెంజెన్ వీసా కోసం తీసుకునే ప్రయాణ బీమా డైవింగ్ ప్రమాదాలకు వర్తిస్తుందనుకోకండి. షరతులు చదివి, అవసరమైతే డైవర్ల బీమా విడిగా తీసుకోండి.

చివరి డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి కాబట్టి, ఆఖరి రోజును వల్లెట్టాకు ఉంచండి. సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్‌లో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1608లో వేసిన పెద్ద చిత్రం ముందు మేము గంటసేపు కూర్చున్నాం. అదే రోజు భూగర్భ సమాధి మందిరమైన హైపోజియం కూడా చూడాలనుకుంటే టికెట్టు ఇప్పుడే కొనండి. లోపలికి గంటకు పది మందినే పంపుతారు, మేము వారం ముందు అడిగితే ఒక్కటీ మిగల్లేదు. భోజనం గురించి బెంగ వద్దు: బఠాణీల ముద్ద నింపిన పాస్తిజ్జి మన బేకరీల్లోని కర్రీ పఫ్‌కు దగ్గరి చుట్టం, వీధివీధినా దొరుకుతుంది.