అటక మీద దొరికిన హోమ్‌స్టెడ్ దంపతుల ఉత్తరాలు: ఎలా చదవాలి, ఎక్కడ ఇవ్వాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నెబ్రాస్కాలో మీరు కొన్న పాత ఫామ్‌హౌస్ అటక మీద రేకు పెట్టెలో 1870ల నాటి భార్యాభర్తల ఉత్తరాలు, భూమి రశీదులు, రెండు మూడు ఫొటోలు దొరికాయి. పాత యజమాని వారసుల్ని అడిగితే "మాకొద్దు, మీరే ఉంచుకోండి" అన్నారు. వీటిని ఎలా చదవాలి, ఎలా దాచాలి, ఎవరికైనా ఇచ్చేయడం మంచిదా అని అడిగారు.

నేను నెబ్రాస్కా రాజధాని లింకన్ ఊళ్లో ఉంటాను. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే గానీ, మా పక్కింటి పెద్దావిడకి చూపు ఆనక, తన ముత్తాత ముత్తవ్వల కాగితాలు చదివిపెట్టమని నన్ను కూచోబెట్టుకున్నారు. ఒక చలికాలమంతా శనివారాలు ఆ పనిలోనే గడిచాయి. అందులో నాకు తెలిసొచ్చింది ఒకటే: ఉత్తరాలు మాత్రమే చదివితే ఆ సంసారం సగమే కనిపిస్తుంది. వాళ్ల భూమి ఫైలు, అంటే పట్టా కోసం ప్రభుత్వానికి ఇచ్చిన కాగితాల కట్ట, కూడా తెప్పించుకుని పక్కన పెట్టుకుని చదవండి. ఫైల్లో లేనిది ఉత్తరంలో ఉంటుంది, ఉత్తరంలో లేనిది ఫైల్లో ఉంటుంది.

ఆ ఫైలు ఎందుకు పుట్టిందో ముందు చెబుతాను. 1862 మే 20న అమెరికా అధ్యక్షుడు లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం 1863 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 21 ఏళ్లు నిండినవాళ్లకి, లేదా కుటుంబ యజమానికి, 160 ఎకరాల ప్రభుత్వ భూమి ఇచ్చేవారు. మొత్తం ఫీజు 18 డాలర్లు. అయిదేళ్లు అక్కడే కాపురం ఉండి, సాగు చేసి, ఇద్దరు సాక్షుల్ని తెచ్చి రుజువు చేసుకుంటేనే పట్టా. అమెరికా అంతర్యుద్ధంలో (సివిల్ వార్) ఉత్తరాది పక్షాన పనిచేసిన సైనికులకి 1872 చట్టం ప్రకారం సర్వీసు కాలాన్ని ఈ అయిదేళ్లలోంచి తగ్గించేవారు. కాబట్టి మీ కాగితాల్లో భర్త మూడేళ్లకే పట్టా తీసుకున్నట్టు కనిపిస్తే కంగారు పడకండి, ఆయన సైన్యంలో పనిచేశాడేమో చూడండి.

ఆ ఇద్దరు సాక్షుల వాంగ్మూలాలు ఆ ఫైల్లోనే ఉంటాయి. మా పెద్దావిడ వాళ్ల ఫైల్లో అయితే ఇల్లు 14 అడుగుల వెడల్పు 16 అడుగుల పొడవు, మట్టిపెళ్లలతో కట్టింది, ఒక తలుపు, రెండు కిటికీలు, ఒక బావి, 40 ఎకరాలు దున్నారు అని ఉంది. లెక్క పక్కాగా ఉంది, మన అడంగల్ కాపీలాగే. ఇంటావిడ మాత్రం "భార్య, ముగ్గురు పిల్లలు" అన్న మాటలో కలిసిపోయింది. పేరు కూడా లేదు. పెళ్లయిన ఆడమనిషి తన పేరున అర్జీ పెట్టుకునే వీలు మామూలుగా లేదు మరి. పెళ్లికాని స్త్రీలు, వితంతువులు పెట్టుకోవచ్చు, చాలామంది పెట్టుకున్నారు కూడా.

ఇక ఆ ఇంటావిడ ఉత్తరాల సంగతి. 1874లో మిడతల దండు వచ్చినప్పుడు పుట్టింటికి రాసిన ఉత్తరం ఒకటుంది. మొక్కజొన్న పోయిందని ఒక ముక్కలో చెప్పేసి, ఉల్లిపాయల గురించి మాత్రం అరపేజీ రాసింది. మట్టిలోపలికంటా తినేసి, ఉల్లిపాయ ఉన్నచోట గుంటలు మిగిల్చాయట. మొక్కజొన్న ఆయన పంట, ఉల్లిపాయలు ఆవిడ మడి. ఆ తర్వాత పిల్లల్ని తీసుకుని కొన్ని నెలలు ఇల్లినాయిలో పుట్టింట్లో ఉండిపోయింది. మళ్లీ ఫైలు తీస్తే, సాక్షి ఒకాయన "మిడతల వల్ల కొంతకాలం ఊళ్లో లేరు" అని ఒక్క వాక్యంతో తేల్చేశాడు. అలా వెళ్లినవాళ్ల హక్కు పోకుండా అమెరికా కాంగ్రెస్ అప్పట్లో ప్రత్యేకంగా చట్టాలు చేసింది, అందుకే ఆ వాక్యం అవసరమైంది. ముగ్గురు పిల్లలని ఫైలు చెబుతోందా, నాలుగో బిడ్డని ఎక్కడ పాతిపెట్టారో ఉత్తరంలో ఉంది.

మొదలుపెట్టే ముందు ఇలాంటి ఒక మంచి నమూనా చూడాలనుకుంటే యురయా ఆబ్లింగర్ కుటుంబం ఉత్తరాలు చదవండి. నెబ్రాస్కా రాష్ట్ర చరిత్ర సంస్థ దగ్గర ఉన్నాయి, దాదాపు 3,000 పేజీలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్లోకి ఎక్కించారు. యురయా ఇండియానా నుంచి 1872లో ముందు తానొచ్చి ఫిల్‌మోర్ కౌంటీలో భూమి చూసుకున్నాడు. భార్య మ్యాటీ, పసిపిల్ల ఎల్లా మరుసటి ఏడాది వచ్చారు. 1873 జూన్‌లో మ్యాటీ ఇంటికి రాసిన ఉత్తరం నాకు చాలా ఇష్టం. మట్టింట్లో ఉన్నామని మేమేదో అవస్థ పడుతున్నామనుకుంటారేమో, నిజంగా చెబుతున్నా, ఇంత హాయిగా ఎప్పుడూ లేను అంటుంది. ఎందుకో కూడా చెప్తుంది: వచ్చే వసంతానికి ఎక్కడికి మారాలా అన్న బెంగ లేదు, మేం చేసే ప్రతి పనీ మాకోసమే, అందులో సగం ఇంకొకరికి పోదు. కౌలు చేసినవాళ్లకి ఈ ముక్క విడమర్చి చెప్పక్కర్లేదు. మా తాతయ్య తెనాలి దగ్గర కౌలుకి చేసేవాడు, ఆయన బతికుంటే ఈ ఉత్తరం చదివి వినిపించేవాణ్ణి.

మ్యాటీ 1880లో కాన్పులో చనిపోయింది. ముగ్గురు ఆడపిల్లలు మిగిలారు. యురయా మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. చట్టం పుస్తకంలో అయిదేళ్లు అని తేలిగ్గా రాసుకున్న కాలం మనుషులకి ఎలా గడిచిందో ఆ ఉత్తరాల్లో కనిపిస్తుంది.

ఒకటి గుర్తుంచుకోండి. ఫైలు, ఉత్తరాలు రెండూ కలిపినా రాని విషయం ఇంకోటుంది. ఖాళీ భూమి అని వాళ్లు రాసుకున్న నేల పానీ అనే ఆదివాసీ తెగ వాళ్లది. ప్లాట్ నదికి దక్షిణాన ఉన్నదంతా 1833 ఒప్పందంలో అమెరికా ప్రభుత్వం తీసుకుంది, 1870ల మధ్యలో మిగిలిన పానీలు కూడా నెబ్రాస్కా వదిలి ఇప్పటి ఓక్లహోమాకి వెళ్లిపోయారు. మా పెద్దావిడ కట్టలో వాళ్ల ప్రస్తావన రెండు చోట్ల ఉంది, రెండూ రోడ్డు మీద వెళ్తుంటే చూశామన్న వరకే.

ఫైలు ఎలా సంపాదించాలంటే, మీ రశీదుల మీద భూమి వివరం ఉంటుంది: ఫలానా సెక్షన్‌లో ఈశాన్య పావు, ఫలానా టౌన్‌షిప్, ఫలానా రేంజ్, ఆరో ప్రిన్సిపల్ మెరిడియన్ అని. ఇవన్నీ అక్కడి భూమి సర్వే గుర్తులు. సెక్షన్ అంటే 640 ఎకరాలు, అందులో పావు 160. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (ప్రభుత్వ భూముల శాఖ) వాళ్ల వెబ్‌సైట్లో పేరు, కౌంటీ కొడితే పట్టా బొమ్మ వస్తుంది, దాని మీద ఫైలు నంబరు ఉంటుంది. ఆ నంబరుతో నేషనల్ ఆర్కైవ్స్‌కి రాయాలి. నెబ్రాస్కా ఫైళ్లు స్కాన్ కూడా అయ్యాయి కాబట్టి ముందు ఆన్‌లైన్లో వెతకండి. పట్టా దొరకలేదంటే ఫైలు లేదని కాదు. మధ్యలో వదిలేసి పోయినవాళ్లు బోలెడుమంది, వాళ్ల ఫైళ్లూ ఉన్నాయి, కాకపోతే భూమి వివరం పట్టుకుని వెతకాలి. నన్నడిగితే వదిలేసినవాళ్ల కథలే ఎక్కువ చదవాలనిపిస్తాయి.

ఉత్తరాలు చదవడం మొదట్లో తలనొప్పే. కామాలు, ఫుల్‌స్టాప్‌లు ఉండవు, స్పెల్లింగ్ చెవికి వినపడినట్టు ఉంటుంది. పైకి చదవండి, సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి. రెండు ఎస్ అక్షరాలు పక్కపక్కన వస్తే మొదటిది ఎఫ్‌లా కనబడొచ్చు. 1883 దాకా అర ఔన్సు ఉత్తరానికి మూడు సెంట్లు స్టాంపు, బరువు పెరిగితే ఇంకా ఖర్చు. అందుకే ఒక పేజీ నిండాక కాగితం అడ్డంగా తిప్పి దానిమీదే మళ్లీ రాసేవాళ్లుండేవారు. ఫొటో తీసుకుని కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే ఒక వరస మీద కన్ను నిలుస్తుంది. ఏడాది వెయ్యని ఉత్తరాలకి వారం, తేదీ కలిపి చూడండి. "ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం, తుఫాను" అని ఉంటే అది 1873, నెబ్రాస్కాని మూడు రోజులు ముంచేసిన మంచు తుఫాను అది.

దాచే విషయం తొందరగా చెప్పేస్తాను. పెట్టెలో ఏ వరసలో ఉన్నాయో అలాగే ముందు ఫొటోలు తీయండి, ఆ వరస కూడా సమాచారమే. కవర్లు పారేయకండి. చేతులు కడిగి ఆరబెట్టుకుంటే చాలు, గ్లవుజులు వేసుకుంటే మడతలు చిరిగే ప్రమాదమే ఎక్కువ. సెలోటేపు, ల్యామినేషన్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. ఆమ్లం లేని ఫోల్డర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, వాటిలో పెట్టి ఇంట్లోనే ఉంచండి. అటకలో ఎండాకాలం వేడి, బేస్‌మెంట్లో చెమ్మ, రెండూ కాగితానికి చేటే. రాసినవాళ్లు పోయి 70 ఏళ్లు దాటి, ఆ ఉత్తరాలు ఎన్నడూ అచ్చు కాకపోతే కాపీరైట్ గొడవ ఉండదు, కాబట్టి స్కాన్లు ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చు.

ఇవ్వాలా వద్దా అంటే, ఇచ్చేయమనే అంటాను. కౌంటీ మ్యూజియమా, లింకన్‌లోని రాష్ట్ర చరిత్ర సంస్థా అన్నది మీ ఇష్టం. మా పెద్దావిడ కౌంటీ వైపే మొగ్గారు, ఊళ్లో వాళ్లు చూస్తారని. ఎక్కడైనా సరే, దానపత్రం రాయించుకోండి. ఉత్తరాల కట్టని, రశీదుల్ని విడదీయకుండా భార్యాభర్తలిద్దరి పేర్లతో ఒకే సేకరణగా నమోదు చేయమని అందులో రాయించండి. లేకపోతే కేటలాగులో ఆయన పేరొక్కటే మిగులుతుంది. మీరు తెప్పించుకున్న భూమి ఫైలు కాపీ కూడా ఆ పెట్టెలోనే పెట్టి ఇవ్వండి.