‘యుద్ధము–శాంతి’ చదువుతుంటే నా మనసు ఎక్కడెక్కడ మారిందంటే

టాల్‌స్టాయ్ నవల రెండు వందల పేజీలు చదివి ఆగిపోయానని, పేర్లు గుర్తుండటం లేదని, యుద్ధం భాగాలు విసుగ్గా ఉన్నాయని మీరు రాశారు. పూర్తి చేసినవాళ్లకి ఏమనిపించిందని అడిగారు. ఆపకండి. నాకు ఒక్కో చోట ఒక్కోలా అనిపించింది, అదంతా చెబుతాను. నేను చదివింది ఇంగ్లిషు అనువాదం, కాబట్టి పేర్లు మీ పుస్తకంలో కాస్త వేరుగా ఉండొచ్చు.

మాది విశాఖ. నాన్నగారు ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు. సోవియట్ సహకారంతో కట్టిన ఫ్యాక్టరీ కదా, రష్యా అంటే మా ఇంట్లో ఒక అభిమానం. విశాలాంధ్ర పుస్తకాల షాపులో చవగ్గా కొన్న రష్యన్ పుస్తకాలు ఒక అలమర నిండా ఉండేవి. అంత ఇష్టంగా మొదలుపెట్టినా, మొదటి వంద పేజీలు నాకు చిరాకే. 1805 జూలై, పీటర్స్‌బర్గ్‌లో ఒక దొరసాని ఇంట్లో విందు, ఫ్రెంచిలో మాట్లాడుకునే రష్యన్ ప్రభువులు, ఎవరి కొడుక్కి ఏ ఉద్యోగం ఇప్పించాలా అని మంతనాలు. ఈ జమీందార్ల కబుర్లు నాకెందుకనుకున్నాను. పేర్ల సంగతికి ఒకటే ఉపాయం. అట్ట లోపల ఒక కాగితం పెట్టుకుని బెజుహోవ్, బోల్కోన్‌స్కీ, రోస్తోవ్, కురాగిన్, ద్రుబెత్స్‌కోయ్ అని ఐదు కుటుంబాలు రాసుకోండి. మిగతావాళ్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు.

నన్ను నిలబెట్టినవాడు తూషిన్. నెపోలియన్ సైన్యంతో జరిగే షోన్‌గ్రాబెర్న్ యుద్ధంలో వస్తాడు, బహుశా మీరు ఆగిన చోటికి దగ్గర్లోనే. చిన్న మనిషి, ఫిరంగి దళం కెప్టెన్. మొదటిసారి కనిపించినప్పుడు కాళ్లకి బూట్లు కూడా ఉండవు. అతని దళాన్ని అందరూ మరిచిపోతారు. పక్కన తోడు సైన్యం లేకుండా ఆ నాలుగు ఫిరంగులతోనే శత్రువుని ఆపుతాడు. సాయంత్రం పై అధికారి ముందు నిలబెట్టి, ఫిరంగులు ఎందుకు వదిలేసి వచ్చావని నిలదీస్తారు. తోడు ఎవరూ లేరన్న మాట అతని నోట రాదు, చెబితే ఇంకో అధికారి ఇరుక్కుంటాడని. అప్పుడు బోల్కోన్‌స్కీల అబ్బాయి, సైన్యాధికారి ఆంద్రేయ్ లేచి అసలు సంగతి చెబుతాడు. అది చదివి నాకు నిజంగా కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది. యుద్ధం భాగాలు దాటేయడం అక్కడితో మానేశాను.

ఇంకో సంగతి కూడా నన్ను ఈ పుస్తకానికి దగ్గర చేసింది. నవల మొదలయ్యే కాలానికి పది నెలల ముందు, 1804 సెప్టెంబరు 15న, నెపోలియన్ నౌకాదళం మన విశాఖ తీరానికే వచ్చింది. అడ్మిరల్ లిన్వా మూడు యుద్ధనౌకలతో వచ్చి, ఇక్కడ లంగరు వేసి ఉన్న సెంచూరియన్ అనే ఇంగ్లిషు యుద్ధనౌక మీద, దాని వెంట ఉన్న రెండు ఈస్టిండియా కంపెనీ ఓడల మీద దాడి చేశాడు. కంపెనీ ఓడల్లో ఒకటి ఒడ్డుకి కొట్టుకుపోయి పాడైపోయింది, రెండోది ఫ్రెంచివాళ్ల చేతికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం బాగా దెబ్బతిన్నా లొంగలేదు. ఇదంతా పుస్తకం మధ్యలో ఉండగా తెలిసింది. ఆ తర్వాత బీచ్ రోడ్డు మీద నడిచినప్పుడల్లా ఒకటే ఆలోచన. ఆ ఫిరంగుల మోత విన్న జాలరి కుటుంబాలు ఏమనుకున్నాయి? అంతకు పదేళ్ల ముందు, 1794లో, పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు కంపెనీ సైన్యం చేతిలో చనిపోయాడని చదువుకున్నాం. ఆయన పక్కన పడినవాళ్ల ఇళ్లలో ఆ రాత్రి ఎలా గడిచింది? మన చరిత్ర పాఠాల్లో వాళ్లు లేరు. టాల్‌స్టాయ్ వెతికింది సరిగ్గా వాళ్లనే అనిపించింది.

దానికి నాకు దొరికిన గొప్ప సాక్ష్యం మలాషా. 1812లో బొరదినో యుద్ధం తర్వాత, మాస్కోని వదిలేయాలా వద్దా అని సేనాధిపతులు ఫిలీ అనే పల్లెలో ఒక రైతు ఇంట్లో సమావేశమవుతారు. ఆ ఇంటి మనవరాలు, ఆరేళ్ల పిల్ల, పొయ్యి అరుగు మీద కూర్చుని చూస్తుంటుంది. ఆ పిల్లకి సర్వసేనాని కుతుజోవ్ తాతయ్య, అంతే. ఇంకొకాయన తాతయ్యతో పోట్లాడుతున్నాడు, ఆమె తాతయ్య పక్షం. ఒక దేశం తన పాత రాజధానిని వదులుకునే నిర్ణయం మనకి ఆ పిల్ల కళ్లతో కనిపిస్తుంది. ఆస్టర్లిట్జ్ యుద్ధానికి ముందు రాత్రి సమావేశంలో ఇదే కుతుజోవ్ కునుకు తీస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఫిలీ దగ్గరికి వచ్చేసరికి ఆ ముసలాయన మీద ప్రేమ పుట్టింది. మధ్యలో ఏడేళ్ల కథ, బోలెడు పేజీలు నడవకపోతే అలా మారేదాన్ని కాదు.

రోస్తోవ్‌ల అమ్మాయి నటాషా, అనాటోల్ కురాగిన్‌తో వెళ్లిపోవాలనుకున్న ఘట్టం గురించి అందరూ చెబుతారు, నేను వదిలేస్తున్నాను. నాకు ఆమె మీద గౌరవం కలిగింది మాస్కో ఖాళీ చేసే రోజున. బళ్ల నిండా సామాన్లు సర్దేశారు, వాకిట్లో గాయపడిన సైనికులు. సామాను దించేసి వాళ్లని ఎక్కించాలని తల్లిదండ్రుల మీద కేకలేసి సాధిస్తుంది. అదే సమయంలో అక్క మొగుడు బెర్గ్, చవగ్గా దొరికిన బీరువా తరలించడానికి మనుషుల్ని పంపమని అడుగుతుంటాడు. యుద్ధంలో మనుషులు ఎలా ఉంటారో చూపించడానికి ఆ ఒక్క వాకిలి చాలు.

ఇంత ప్రేమించిన రచయితతో నాకు పెద్ద గొడవ బొగుచారోవో అనే బోల్కోన్‌స్కీల ఊరి దగ్గర. అక్కడి రైతులు ఆంద్రేయ్ చెల్లెలు మరియా రాకుమారిని ఊరు దాటి పోకుండా అడ్డుకుంటారు. నికొలాయ్ రోస్తోవ్ గుర్రం మీద వచ్చి ఒకడిని కొట్టి, పెద్దలని కట్టించి ఆమెని కాపాడతాడు. అక్కణ్నుంచి వాళ్ల ప్రేమ మొదలు. వెట్టి రైతులు ఎందుకు తిరగబడ్డారో టాల్‌స్టాయ్ లోపలికెళ్లి చూడడు, వాళ్లలో ఏవో పుకార్లున్నాయని చెప్పి సరిపెడతాడు. నవల పూర్తిగా అచ్చైంది 1869లో, రష్యాలో వెట్టి రద్దయింది 1861లో. అంటే ఆ ప్రశ్న ఆయన కళ్లముందే ఉంది. ఉత్తరాంధ్రలో పుట్టి, శ్రీకాకుళం రైతుల కథలు వింటూ పెరిగిన నాకు ఆ అధ్యాయం ఇప్పటికీ మింగుడుపడదు. తూషిన్‌ని, మలాషాని చూసిన కళ్లు అక్కడెందుకు పక్కకి తిరిగాయి?

ఉపసంహారంలో మొదటి భాగం కథే, తప్పకుండా చదవండి. రెండో భాగం కథ కాదు, చరిత్రని నడిపేది ఎవరనే వాదన. దాన్ని విడిగా, కొన్నాళ్లు ఆగి చదివితే మంచిది. లక్షల మంది ఇష్టాయిష్టాలు కలిస్తేనే చరిత్ర, నెపోలియన్ దానికి నాయకుడు కాదంటాడు టాల్‌స్టాయ్. సగం ఒప్పుకుంటాను. కానీ 1812 జూన్‌లో రష్యా సరిహద్దులోని నీమెన్ నది దాటమని సైన్యానికి ఆజ్ఞ ఇచ్చింది ఒక మనిషే. ఆ లెక్క ఆయన దగ్గర అడగాల్సిందే.